నీడలేని దండు

ఏడు శిఖరాల వైడూర్యగిరి రాజ్యానికి ఉత్తరపు కొసన, మబ్బులు మంద తప్పిన గొర్రెల్లా కొండచరియల మీద తిరుగాడే చోట, వేత్రకోన అనే ఊరుంది. అక్కడి లోయల లోతు అంతా ఇంతా కాదు. రాయి జారవిడిస్తే అడుగు తాకిన చప్పుడు వినేలోపు ఒక ముద్ద నమిలి మింగవచ్చునని ఊరివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ లోయల మీద పేము తీగలతో వంతెనలు అల్లడం వాళ్ల వృత్తి. వాళ్లలో చెయ్యి తిరిగినవాడు విశాఖుడు. ఆ మాఘమాసానికే అతనికి పద్దెనిమిదేళ్లు నిండాయి. అందుకే ఆ ఉదయం ఊరి చావిడి ముందు తప్పెట మోగగానే అతని తల్లి మాచమ్మ చేతిలో చేట జారి కిందపడింది.

అది దండువంతు తప్పెట.

దండువంతు ఇప్పటి రాజుగారి తాత వజ్రబాహు మహారాజు చేసిన శాసనం. కరాళదేశపు సేనలు ఒకసారి రాజ్యాన్ని సగం తగలబెట్టి పోయాక, ప్రతి ఊరూ ఏటా తన పడుచువాళ్లలో కొందరిని సరిహద్దు కాపలాకు పంపాలని ఆయన ఆజ్ఞాపించాడు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు చావిడి ముందు వరుసగా నిలబడాలి. మూత కట్టిన రాగికుండలో చెయ్యి పెట్టి ఒక గురివింద గింజ తియ్యాలి. తెల్లది వస్తే ఇంటికి పోవచ్చు, యుద్ధభేరి మోగితే మాత్రం విల్లు పట్టుకుని రావాలి. ఎర్రది వస్తే మూడేళ్లు దండులో ఉండాలి. దిక్కులేని తల్లికి ఒక్కడే కొడుకైనవాణ్ణీ, నడవలేనివాణ్ణీ, అన్న దండులో ఉన్న తమ్ముణ్ణీ కుండ దగ్గరికి పిలవరు. ఒకడికి బదులు మరొకడు ఇష్టపడి వెళ్లవచ్చు. మూడేళ్లు నిండినవాణ్ణి మేళతాళాలతో ఊరిదాకా తెచ్చి దిగబెట్టేవాళ్లు. పంపేనాడు ఏడ్చిన తల్లులకు ఎదురు చూడడానికి ఒక రోజంటూ ఉండేది.

నాలుగేళ్ల కిందట కుహకేతుడనేవాడు ఎక్కడినుంచో వచ్చి, రాజుగారి మన్నన పొంది, దండుకు శిక్షణ ఇచ్చే దండగురువయ్యాడు. అప్పటినుంచి వెళ్లినవాళ్లలో ఒక్కడూ తిరిగి రాలేదు. అడిగిన ప్రతి ఊరికీ ఒకటే జవాబు వచ్చేది: సరిహద్దున అందరూ కుశలం.

మాచమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్లి పట్టీ చదివే ఉద్యోగి ముందు నిలబడింది. "మా పెద్దోడు శరభుడు దండులోనే ఉన్నాడు దొరా. శాసనం ప్రకారం చిన్నోణ్ణి వదిలెయ్యండి" అంది.

ఉద్యోగి తాటాకులు తిరగేశాడు. "శరభుడా? ఆ పేరుగలవాడు దండులో లేడు."

"లేడంటే? నాలుగేళ్ల కిందట ఈ చావిడి ముందునుంచే గదా తోలుకుపోయినారు!"

"పట్టీలో లేనివాడు దండులో లేనట్టేనమ్మా."

"ఇంట్లోనూ లేడు గదయ్యా! మరి నడుమ ఎక్కడున్నాడు నా బిడ్డ?"

ఉద్యోగి తాటాకు తిప్పి విశాఖుడి పేరు చదివాడు. అతని వెనుక గుర్రం పగ్గం పట్టుకుని నిలబడ్డ ముసలి దళపతి రణపాలుడు మాత్రం తల దించుకున్నాడు. కత్తివేటుకు ఒక చెవి పోయిన ఆ గంభీరమైన మనిషి తల ఎందుకు దించుకున్నాడో విశాఖుడికి అర్థం కాలేదు. కానీ అది చూశాడు, మనసులో పెట్టుకున్నాడు.

విశాఖుడు కుండలో చెయ్యి పెట్టాడు. తెల్లగింజ వచ్చింది. మాచమ్మ ఆ చేతిని కళ్లకు అద్దుకుంది.

తరువాత పొరుగింటి కాటన్న వంతు. వాడు తీసింది ఎర్రగింజ. గుంపులోంచి నిండు చూలాలైన వాడి భార్య ఒక్క కేక పెట్టి కూలబడింది. కాటన్న ఏడవలేదు. తన అరచేతిలో ఉన్నది ఏమిటో తెలియనట్టు ఆ గింజను చూస్తూ ఉండిపోయాడు.

"కాటన్నకు బదులు నేను పోతాను" అన్నాడు విశాఖుడు.

మాచమ్మ గిర్రున తిరిగి కొడుకు చెంప ఛెళ్లుమనిపించింది. మరుక్షణమే ఆ చేత్తోనే అతని తల నిమిరింది.

"నీ అన్నకోసమే గదరా?"

"ఊఁ."

"అయితే వాణ్ణి తోలుకొని రా. ఒక్కడివే వస్తే తలుపు తియ్యను" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు వణకలేదు. దండు మలుపు తిరిగాక మాత్రం ఆమె ఏడుపు లోయంతా నిండి, విశాఖుడి వీపుకు తగులుతూ చాలాదూరం వచ్చింది.

* * *

చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిపి నలభైయొక్కమంది కుర్రవాళ్లు. తలలు గొరిగించి, మెడలో తలా ఒక కంచు బిళ్ల వేశారు. ఇద్దరికొక కంబళి ఇచ్చారు. రోజూ తెల్లవారగానే ఈటె పట్టడం, మధ్యాహ్నం దాకా నడక, సాయంత్రం మళ్లీ ఈటె. నాగలి తప్ప మరొకటి పట్టని చేతులు బొబ్బలెక్కాయి. ఎల్లప్ప అనేవాడు అన్నం ముందు కూర్చుంటే చాలు, అమ్మ గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడ్చేవాడు. మొదట అందరూ నవ్వారు. నాలుగోనాటికి నవ్వేవాళ్లు లేరు. ఒకడు వాడి ముద్ద కలిపి పెట్టేవాడు, ఇంకొకడు వాడి ఈటె మోసేవాడు.

విశాఖుడికి కంబళి జత ఉదయుడు. రాజధానిలో ఎర్రగింజ తీశానని చెప్పి దారిలో దండుతో కలిశాడు. చిత్రమైన మనిషి. పొయ్యి రాజెయ్యడం రాదు, తిన్న ఆకు తియ్యడం తెలియదు. కత్తి పట్టాడంటే మాత్రం అది అతని చేతిలో పుట్టినట్టే తిరిగేది.

"నీకు కత్తి ఎవరు నేర్పారు? అన్నం వండడం ఎవరూ ఎందుకు నేర్పలేదు?" అని అడిగాడు విశాఖుడు ఒకరోజు.

"రెండింటికీ కారణం ఒక్కటే మిత్రమా. సమయం వచ్చినప్పుడు చెబుతాను" అని నవ్వాడు ఉదయుడు.

తొమ్మిదోనాడు పాతాళగండి చేరారు.

రెండు కొండల నడుమ భూదేవి నోరు తెరిచినట్టున్న అగాధమది. దాని అడుగున నీలగంగ నురగలు కక్కుతూ, సూర్యుడి కిరణాలు పడ్డచోటల్లా ఇంద్రధనుస్సులు విరజిమ్ముతూ ఉరుకుతోంది. గోడల్లాంటి చరియల్లో లక్షల తేనెపట్లు నల్లటి చామరాల్లా వేలాడుతున్నాయి. పచ్చకర్పూరం వాసన వేసే తెల్లటి పూలు తీగలు తీగలుగా జారి, గాలి వీచినప్పుడల్లా లోయలోకి పూలజల్లు కురిపిస్తున్నాయి. ఆ అందం మీదుగా ఒకే ఒక్క పేము వంతెన.

సగంమంది దాటారు. మిగిలినవాళ్లు నడిమధ్యన ఉండగా ఆకాశం చీకటైంది. తలెత్తి చూస్తే తాటిచెట్లంత రెక్కలతో, రెండు తలలతో గండభేరుండం!

"పడుకోండిరా! వంతెనకు కరుచుకోండి!" అని అరిచాడు రణపాలుడు.

పక్షి ఒక్క విసురున వచ్చి కుడివైపు మోకును గోళ్లతో తెంచింది. వంతెన పక్కకు ఒరిగి తొట్టిలా వేలాడింది. ఎల్లప్ప కాలు జారింది. విశాఖుడు నడుముకున్న తీగను వంతెనకు మెలివేసి తలకిందులుగా దూకి, వాడి జుట్టులేని తలను వదిలి, మెడలోని బిళ్ల తాడును అందుకున్నాడు. ఎడమచేత్తో తెగిన మోకును లాగి, పళ్లతో పట్టి, పాదంతో నొక్కి, వంతెనలు అల్లేవాళ్లకు మాత్రమే తెలిసిన ఏనుగుముడి వేశాడు. పక్షి రెండోసారి వచ్చింది. ఉదయుడు ఊగే వంతెన మీద లేచి నిలబడి, దాని ఎడమ తల కంట్లోకి ఈటె విసిరాడు. కొండలు అదిరేలా అరిచి అది నెత్తురు చిమ్ముకుంటూ మబ్బుల్లో కలిసిపోయింది.

నలభైయొక్కమందీ దాటారు. అవతలి గట్టున రణపాలుడు విశాఖుడి భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చివరికి, "ఇంతమందిని కాపాడినావు. ఎందుకోసం కాపాడినావో..." అని సగంలో ఆపేసి ముందుకు నడిచాడు.

* * *

మరునాటి సాయంత్రానికి నల్లబురుజు కనిపించింది. కాకిరెక్క రంగు రాళ్లతో కట్టిన ఆ కోట కొండ నెత్తిన కూర్చున్న రాక్షసుడిలా ఉంది. ప్రాకారం నిండా సైనికులు. బొమ్మల్లా కదలరు. మెదలరు. పడమటి ద్వారం బార్లా తెరిచి ఉంది. ఏటవాలు ఎండ లోపలి ప్రాంగణమంతా బంగారు నీటిలా పారుతోంది. విశాఖుడు ఆ సైనికుల పాదాల వంక చూశాడు. అంత ఎండలోనూ ఒక్కడికీ నీడ లేదు.

ప్రాంగణం మధ్యన అద్దంలా మెరిసే నల్లరాతి పలక. దాని పక్కన కుహకేతుడు. విశాఖుడు భీకరాకారాన్ని ఊహించుకున్నాడు. ఎదుట ఉన్నది తెల్లటి గడ్డం, చల్లటి చూపు, తాతయ్యలా నవ్వే ముఖం.

"నాయనలారా, అలసిపోయారా? ఇల్లు గుర్తొస్తోందా?" అన్నాడు కుహకేతుడు వెన్నలాంటి గొంతుతో. "సైనికుణ్ణి చంపేది శత్రువు కత్తి కాదు, బెంగ. ఆ బెంగను మీకు తీసేస్తాను. ఈ పలక మీద నిలబడి ప్రమాణం చెయ్యండి. ఇక ఆకలుండదు, భయముండదు, ఏడుపుండదు."

పదిరోజులుగా కాళ్లు పగిలి, కడుపు మాడి, ఇంటిమీద బెంగతో నలిగిపోయిన కుర్రవాళ్లు ఆ మాటను దాహంతో ఉన్నవాళ్లు నీళ్లను చూసినట్టు విన్నారు. ఎల్లప్ప తనంతట తానే ముందుకు నడిచాడు.

వాడు పలక మీద నిలబడ్డాడు. పొడుగాటి నీడ పలక మీద పడింది. కుహకేతుడు ఇనుప కొడవలి తీసి, వాడి మడమల దగ్గర నీడను గడ్డి కోసినట్టు కోశాడు. నీడ తడిబట్టలా గిలగిలా కొట్టుకుంది. మాంత్రికుడు దాన్ని చాపలా చుట్టి సేవకుడికి అందించాడు.

"నీ ఊరేది?"

"తెలియదు" అన్నాడు ఎల్లప్ప. చెంపల మీద కన్నీళ్లు ఇంకా ఆరలేదు. కళ్లు మాత్రం గాజుగోళీల్లా ఉన్నాయి.

"నీ తల్లి?"

"తెలియదు."

"తరువాతివాడు!"

తరువాతివాడు విశాఖుడు. ఇద్దరు భటులు అతన్ని పలక మీదికి నెట్టారు. మాంత్రికుడి కుడిపక్కన గండ్రగొడ్డలి పట్టుకుని నిలబడ్డ కావలివాణ్ణి అప్పుడు దగ్గరగా చూశాడు. చిన్నప్పుడు పేము చీల్చే కత్తి తగిలి గడ్డం మీద పడ్డ మచ్చ, విశాలమైన ఆ భుజాలు!

"అన్నా!"

శరభుడు రెప్ప వెయ్యలేదు.

కొడవలి లేచింది. అదే క్షణాన రివ్వున వచ్చిన ఈటె దాన్ని మాంత్రికుడి చేతినుంచి ఎగరగొట్టింది.

"ఆగు కుహకేతూ! నేను వైడూర్యగిరి యువరాజు ఉదయచంద్రుణ్ణి!" ఉదయుడు కత్తి దూసి పలక ముందుకు దూకాడు. "మా ముత్తాతగారు ఈ బిడ్డలను దేశాన్ని కాపాడమని అడిగారు. వాళ్లను నీకు అప్పగించమని కాదు. రాజ్యంలో ఆ కుండలో చెయ్యి పెట్టని పడుచువాణ్ణి నేనొక్కణ్ణేనని సిగ్గుపడి వచ్చాను. కళ్లారా చూశాను!"

కుహకేతుడు పకపకా నవ్వాడు. "నీడలేనివాళ్లకు రాజెవరో యువరాజెవరో తెలియదు నాయనా. ఈ మూడువేలమందితో రేపు నీ తండ్రి సింహాసనమే ఎక్కుతాను. పట్టుకోండి!"

మూడువేల జతల పాదాలు ఒక్కసారి కదిలాయి. కుర్రవాళ్లు హాహాకారాలు చేస్తూ గోడకు ఒదిగిపోయారు. యువరాజు, విశాఖుడు వీపుకు వీపు ఆనించి నిలబడ్డారు. కానీ ఎవరిని నరకాలి? ఎదురొచ్చేవాళ్లంతా ఏదో ఒక తల్లి ఎదురు చూస్తున్న బిడ్డలే.

"ఇటు రండిరా!" అని గర్జించాడు రణపాలుడు. బురుజు గోడలోని ఇనుప బందుల కర్రతలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. ముగ్గురూ లోపలికి దూకారు, గడియ పడింది. మరుక్షణమే బయట గొడ్డళ్లు దబదబా మోగాయి.

ముసలి దళపతి రొప్పుతూ తలుపుకు వీపు ఆనించాడు. "ఎనిమిది దండ్లను నా వెంట నడిపించుకొచ్చి ఈ వాకిట్లో అప్పగించినాను బాబూ. ఒక్కొక్క దారిన కొత్తవాళ్లను తెచ్చేందుకు తెలివి ఉన్నవాడొకడు కావాలని నా నీడను నాకే వదిలినాడు. ఎండలో దాన్ని చూసుకోవాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నా. ఈ ఒక్క తలుపునైనా కాస్తాను. నీడల కొట్టు ఇదే. నీడ తన పిలుపు వింటే కొక్కెం దిగి మనిషిని చేరుతుందంటారు. వెలుగు ఉన్నంతసేపే నీడ కదులుతుంది. పొద్దు పడితే రేపటిదాకా ఏమీ చెయ్యలేం. రేపటికి మనం ఉండం."

విశాఖుడు తలెత్తాడు. బావిలా గుండ్రంగా, నిలువెత్తుగా ఉన్న ఆ కొట్టు నిండా కొక్కేలకు మూడువేల నీడలు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. పడమటి గోడలో భుజమెత్తున ఒకే ఒక్క గవాక్షం. అందులోంచి కత్తి అంచంత వెలుగు లోపలికి పడుతోంది.

"శరభా!" అని పిలిచాడు. నీడలు కదల్లేదు. అది పట్టీలోంచి కొట్టేసిన పేరు.

"అన్నా!" అని పిలిచాడు. కొట్టంతా గలగలమంది. వందల నీడలు ఒక్కసారి అతనివైపు తిరిగాయి. తిరిగిన ప్రతివాడూ ఎవరికో ఒకరికి అన్నే కదా! ఆ కదలిక చూసి విశాఖుడికి దుఃఖం పొంగుకొచ్చింది. కళ్లు తుడుచుకుని ఆలోచించాడు. మూడువేలమందిలో ఒక్క తన అన్నకే చెందిన పిలుపు ఏది?

తలుపు నడిమి పలక చీలింది. చీలికలోంచి గండ్రగొడ్డలి మెరిసింది. దాని వెనుక శరభుడి ముఖం.

"ఆ వచ్చేది మా అన్న! కొట్టకండి! వాణ్ణి ఒక్కణ్ణే లోపలికి రానివ్వండి!"

"పిచ్చా నీకు? చంపుతాడు!" అన్నాడు యువరాజు.

"రానివ్వండి!"

తలుపు మూరెడు తెరిచి, శరభుణ్ణి లోపలికి లాగి, మళ్లీ భుజాలు అడ్డుపెట్టారు ఇద్దరూ. శరభుడు గొడ్డలి ఎత్తి నడిచి వచ్చాడు. విశాఖుడు కత్తి పారేసి, గవాక్షం వెలుగు పడేచోట అన్నకు ఎదురుగా నిలబడ్డాడు. గొడ్డలి నెత్తిమీదికి లేచింది.

"చెరుకయ్యా!" అని అరిచాడు. పొలంలో చెరుకు కొడుతూ కొడుతూ కన్నానని తల్లి ముద్దుగా పెట్టుకున్న పేరు. "ఒరే చెరుకయ్యా, అంబలి చల్లారిపోతాంది, రారా!"

పైనెక్కడో ఒక కొక్కెం టప్పున విరిగింది. ఒక నీడ రాలుటాకులా తిరుగుతూ దిగి, నేల మీద సర్రున పాకి, శరభుడి మడమలకు అతుక్కుంది. గొడ్డలి విశాఖుడి నుదుటికి బెత్తెడు దూరంలో ఆగింది. గాజుకళ్లలో నీరు ఊరింది. శరభుడు తన ఎదుట నిలబడ్డ మనిషిని పాదాలనుంచి తలదాకా చూశాడు.

"చిన్నోడా... ఇంత పొడుగు ఎప్పుడు పెరిగినావురా?"

కావలించుకోవడానికి కూడా వ్యవధి లేకపోయింది. పైనుంచి కుహకేతుడి మంత్రం ఉరుములా వినిపించింది. గవాక్షం మీది బండ కరకరమంటూ దిగసాగింది. వెలుగు సగానికి సన్నబడింది. శరభుడు ఒక్క అంగలో వెళ్లి ఆ బండ కింద భుజం పెట్టాడు. మెడనరాలు తాళ్లలా పొంగాయి. బండ ఆగింది.

"తలుపు కొడుతున్న మొదటివాడు నా కంబళి జత" అన్నాడు రొప్పుతూ. "అప్పట్లో ప్రమాణానికి ముందు నెలరోజులు ఆపేవాళ్లు, ఒకే చోట పడుకున్నాం. అమ్మలు ఏమని పిలిచేవాళ్లో ఒకరికొకరం చెప్పుకున్నాం. ఏడుపు రాకుండా. నేను చెబుతాను, నువ్వు గట్టిగా పిలువు. వాడు ఉడుత!"

"ఉడుతా!" అని విశాఖుడు గుండెలు పగిలేలా అరిచాడు.

ఒక నీడ జారి తలుపు కింది సందులోంచి బయటికి పాకింది. బయట ఒక గొడ్డలి చప్పుడు ఆగిపోయింది. "ఎవరు పిలిచింది? అమ్మా!" అని ఒక మగగొంతు భోరుమంది.

"ఓరి, నీ పక్కనోణ్ణి పిలువురా! ఇంట్లో పిలిచే పేరుతో పిలువు!" అని తలుపు సందులోంచి కేక పెట్టాడు రణపాలుడు.

"బుజ్జిగువ్వా!" అంది బయటి గొంతు.

ఇంకొక కొక్కెం విరిగింది.

బండ ఇంకో వేలెడు దిగింది. శరభుడి మోకాలు నేలకు తగిలింది. అదే సమయంలో తలుపు పై బందు ఊడి, సగం పలక లోపలికి విరిగిపడింది. ఆ కంతలోంచి పది చేతులు దూసుకొచ్చాయి. కొన్ని యువరాజు గొంతు కోసం వెతుకుతున్నాయి, కొన్ని ఆ చేతుల్ని పట్టి వెనక్కి లాగుతున్నాయి.

"తరువాతివాడు ఎవరన్నా?" అని అరిచాడు విశాఖుడు.